పీపా చీటీలు

ఓడిల్ దగ్గర ఓ నీలం నోటుపుస్తకం ఉంది.
అందులో నేను గంటలుగా ఉన్నాను.

మంగళవారం ఒకటి, గురువారం ఒకటిన్నర.
ఫిజియోథెరపిస్టు బ్రిగ్స్ వచ్చి
నా కొత్త తుంటికి నడక నేర్పుతుంటే
ఈ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని
గోడవారన నిలబడుతుంది.
ముట్టుకోకూడదు. చూడాలి, అంతే.
చూసినందుకు బ్రిగ్స్ సంతకం పెడుతుంది.
పై చదువుకి అలాంటి గంటలు
నూట యాభై కూడబెట్టాలట.

రాత్రి రెండింటికి నా పక్క తడిస్తే
నన్ను మెల్లగా దొర్లించి, దుప్పటి మార్చి, వీపుకి పౌడరు అద్ది,
ఎవరికీ చెప్పనులే అని కన్ను గీటుతుందే,
ఆ గంటకి సంతకం లేదు.
అది వేరే గడిలోకి పోతుందట, జీతం గడిలోకి.

నాకీ లెక్కలు కొత్త కాదు.
పదకొండేళ్ళప్పుడు, ఇదే అరూస్టుక్ చేలల్లో,
సెప్టెంబరు చివర్లో బడికి మూడు వారాలు తాళం.
నడుం వంచి దుంపలేరి, బుట్ట నింపి, పీపా నింపి,
పీపా మీద నా నంబరు చీటీ పెట్టేవాణ్ణి: ఇరవై ఏడు.
పొద్దుగూకితే చీటీకి ఇంతని డబ్బు.
ఆ పీపా నీకేం నేర్పిందని
ఒక్క మేస్త్రీ అడగలేదు, మహానుభావులు.

ఈమెని అడుగుతున్నారు.
ఆరువందల అక్షరాల్లో చెప్పాలట, ఖాళీలతో కలిపి.
"మిస్యే సీర్, మీ గురించి ఏం రాయను?"
"గురక బాగా పెడతాడని రాయి."
నవ్వింది. రాసింది. కొట్టేసింది.

పోయినేడు నాలుగు కాలేజీలు కాదన్నాయి.
ఉత్తరం కూడా కాదు, ఫోన్‌లో ఓ చిన్న మోత.
అప్పుడు నాకు గంజి తినిపిస్తోంది.
చెంచా గాల్లో ఆగింది. నా నోరు తెరుచుకునే ఉంది.
ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి ప్లస్, అదే దెబ్బ తీసింది, అంది.
వేసవంతా ఆ ఒక్క కోర్సే మళ్ళీ చదివింది,
వాళ్ళ నాన్న కలప లారీ వాయిదాకి దాచిన సొమ్ముతో.
జూలై ఒకటిన నది అవతల కెనడాలో బాణసంచా పేలుతుంటే
నా మంచం పక్కన కూర్చుని కర్బనాలకి గీతలు గీసింది.
నేనూ షడ్భుజాలు నేర్చుకున్నాను.
నా చేతికి ఆరో గీత ఎప్పుడూ మొదటిదాన్ని కలవదు.

ఇప్పుడు ఎముకలు.
నా మణికట్టు పట్టుకుని వేలితో తడుముతూ అప్పజెబుతుంది.
పాఠం ఆమెది, చెయ్యి నాది.
మొత్తం ఎనిమిది. స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రం...
నాలుగోది పిసిఫారం, బఠాణీ గింజలా ఉంటుందని ఆ పేరట.
బఠాణీకి చోటుంది,
అరవై ఏళ్ళు నేను తవ్విన దుంపకి లేదు!
దీని మీద ఎవరికైనా అర్జీ పెట్టాలి.

నిన్న రాత్రి మంచు తోసే బండి రెండుసార్లు వచ్చి పోయింది.
అప్పజెప్పే వంతు నాది.
ఏడు చెప్పాను, ఫ్రెంచి యాసలో, తడబడకుండా.
ఎనిమిదోది రాలేదు.
నాలుక చివర కూడా లేదు, ఇంకా కింద,
గునపం తగలని చోట.
ఓడిల్‌కి తెలుసు. చెప్పలేదు.
గడియారం చూడలేదు, కాగితం తిప్పలేదు,
మణికట్టు వదలనూ లేదు.
ఆరో నంబరు గదిలో గంట మోగింది. మళ్ళీ మోగింది.
"వస్తున్నా" అంది గుమ్మం వైపు,
కళ్ళు మాత్రం నా మీదే ఉంచి.

ఎంతసేపో నాకు తెలీదు.
హేమేట్, అన్నాను.
"కొక్కెం ఉన్నది" అంటూ నా చెయ్యి దుప్పటి మీద పెట్టి
పరుగెత్తింది.

నీలం పుస్తకం మర్చిపోయింది.
పెన్సిలు అందులోనే ఉంది. తేదీ వేశాను.
ఎంతసేపు అన్న గడి ఖాళీగా వదిలి,
సంతకం చోట నా నంబరు వేశాను.
ఇరవై ఏడు.
బ్రిగ్స్ చూస్తే ఒప్పుకోదు.